బడి వదలని మేష్టారు

(గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి స్మారకోపన్యాసం)



ఆహ్వానపత్రం మీద నా ఉపన్యాసానికి 'వ్యావహారిక భాషోద్యమ పితామహుడు' అని పేరు వేస్తామన్నారు నిర్వాహకులు. వద్దన్నాను. ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ ఆ పేరు పెట్టాక నేనేం చెబుతానో మీకందరికీ ముందే తెలిసిపోతుంది. ఏటా గిడుగువారి పుట్టినరోజు, ఆగస్టు 29, వస్తుంది, పటానికి దండ వేస్తాం, గిడుగు కాదు పిడుగు అంటాం, గ్రాంథికవాదుల్ని నాలుగు తిట్టి కూర్చుంటాం. ఈ పిడుగు గొడవలో పడి మనం మేష్టార్ని మరిచిపోయాం అని నాకు చాలాకాలంగా అనుమానం. బతుకుతెరువు కోసం ఆయన చేసిన ఉద్యోగం ఒక్కటే, పర్లాకిమిడి రాజావారి బడిలో చదువు చెప్పడం. ఆయన చేసిన తక్కిన పనులన్నీ, సవరభాషా, శాసనాలూ, తెలుగు కోసం చేసిన పోట్లాటా, ఆ బడిలోంచి పుట్టినవే. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇంతే. పిడుగు సంగతి మీరు ఇతరత్రా విన్నారు.

ఆయన 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. మనకి ఎంతో దూరం కాదు, వంశధార ఒడ్డు. తండ్రి వీర్రాజుగారు పర్లాకిమిడి సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. తండ్రి పోయేనాటికి పిల్లవాడికి పన్నెండేళ్ళు. అక్కణ్ణించి విజయనగరం, బంధువుల ఇల్లు, మహారాజావారి ఇంగ్లీషు బడి. అక్కడ తోటి విద్యార్థి గురజాడ అప్పారావు. ఇద్దరూ ఒకే బడిలో చదివారన్న సంగతి మనం ముచ్చటగా చెప్పుకుంటాం గానీ, మెట్రిక్యులేషన్ అవగానే రామమూర్తిగారు ఏం చేశారో అంత ముచ్చటగా చెప్పుకోం. ఇల్లు గడవాలి గనక ఉద్యోగంలో చేరారు. 1880, వయసు పదిహేడు. ఇవాళ మన దగ్గర ఇంటర్ చదివే కుర్రాడి వయసు. ఆ వయసుకి చేతికి చాక్‌పీసు వచ్చేసింది.

చదువు మాత్రం ఆగలేదు. పగలు పాఠం చెబుతూ ప్రైవేటుగా 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పూర్తి చేశారు. డిగ్రీ చేతికొచ్చేసరికి ముప్ఫైమూడేళ్ళు. ఉద్యోగం చేసుకుంటూ పరీక్షలు కట్టిన మేష్టర్లు ఈ సభలో కూడా ఉన్నారు, ఆ కష్టం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. బి.ఏ.లో ఆయన తీసుకున్నది చరిత్ర. బడిలో చెప్పిందీ చరిత్రే. మనం ఆయన్ని తెలుగు పంతులనుకుంటాం. కాదు. తెలుగు భాష కోసం అంత పోరాడినాయన ఉద్యోగరీత్యా చరిత్ర మేష్టారు.

చరిత్ర చెప్పే మేష్టారికి పర్లాకిమిడి మంచి ఊరు. కళింగ గాంగుల రాజ్యం కళ్ళెదుటే రాళ్ళ మీద ఉంది. ముఖలింగంలో మధుకేశ్వరుడి గుడి, భీమేశ్వరుడి గుడి, సోమేశ్వరుడి గుడి. వాటి గోడల నిండా శాసనాలు. చదివే నాథుడు లేడు. పంతులుగారు పుస్తకాలు ముందేసుకుని పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు, వెళ్ళి గోడల్ని చదివారు. పాఠ్యపుస్తకంలో ఉన్నది చెప్పేసి గంట కొట్టగానే వెళ్ళిపోతే ఎవరూ ఏమనేవారు కాదు. నరసన్నపేట దగ్గర నడగాంలో దొరికిన గాంగరాజు వజ్రహస్తుడి రాగిరేకుల్ని పరిష్కరించి 'ఎపిగ్రాఫియా ఇండికా' నాలుగో సంపుటంలో అచ్చువేయించారు. శకం 979 నాటి శాసనం అది, మన లెక్కలో 1057. ఆ సంపుటాల్లో రాసేవాళ్ళు పురావస్తు శాఖ అధికార్లు, యూరోపు పండితులు. వాళ్ళ మధ్యలో ఒక సంస్థానపు బడి మేష్టారి పేరు.

ఇక్కడొక నా ఊహ చెబుతాను, ఊహగానే తీసుకోండి. రాళ్ళ మీద తెలుగు చదివినవాడికి భాష నిలబడి ఉండేది కాదని ఎవరూ వాదించి ఒప్పించక్కర్లేదు. నన్నయ్యకి ముందు శాసనం ఒకలా ఉంటుంది, తర్వాతది ఇంకోలా, రెడ్డిరాజుల నాటిది మరోలా ఉంటుంది. పుస్తకం పట్టుకుని పెరిగిన పండితుడికి భాష ఒకటే, వ్యాకరణం ఒకటే. గోడలు పట్టుకుని తిరిగినవాడికి అలా కనబడదు. తర్వాత పండితులతో పేచీ వచ్చినప్పుడు ఆయన కంగారు పడకపోవడానికి ఇదొక కారణం అయి ఉంటుంది.

ఇంక సవర సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన సభల్లో దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. 'సవర భాషకు కూడా సేవ చేశారు' అంటారు. ఆ 'కూడా' నాకు గిట్టదు. వరస చూడండి. తెలుగు కోసం ఆయన వీధికెక్కడానికి చాలా ఏళ్ళ ముందే సవర నేర్చుకోవడం మొదలుపెట్టారు. సవర ముందు, తెలుగు తర్వాత.

పర్లాకిమిడి చుట్టూ కొండలు, కొండల నిండా సవరలు. పోడు చేసుకుంటారు. చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు, పసుపు నెత్తిన పెట్టుకుని సంతకి దిగుతారు. సంతలో వాళ్ళ మాట ఎవరికీ రాదు, కొనేవాడి మాట వాళ్ళకి రాదు. కాటా దగ్గర ఏమవుతుందో మీకు తెలుసు, ఇప్పటికీ అంత మారలేదు. పంతులుగారు తెలుగొచ్చిన ఒక సవర మనిషిని తెచ్చి ఇంట్లోనే పెట్టుకున్నారు. అతని దగ్గర మాట మాటా అడిగి రాసుకున్నారు. అంటే పగలు పిల్లలకి పాఠం చెప్పిన మేష్టారు ఇంటికొచ్చాక శిష్యుడై కూర్చునేవారు. ఆ రోజుల్లో బ్రాహ్మణుల ఇంట్లో కొండమనిషిని పెట్టుకోవడం అంటే వీధిలో ఎన్ని మాటలు పడి ఉంటారో ఆలోచించండి.

సవర తెలుగుకి చుట్టం కాదు. సంతాలీ, ముండారీల కుటుంబం. మన అక్షరాల్లో లేని ధ్వనులున్నాయి దానిలో. మాట మధ్యలో గొంతు టక్కున మూసుకునే ధ్వని ఒకటి ఉంది. మన అ నుంచి ఱ వరకూ వెతికినా దానికి అక్షరం దొరకదు. ఆయన ముందు తెలుగు లిపిలోనే సవర పుస్తకాలు రాశారు, వాచకాలు, పాటలు, కథలు. తర్వాత శాస్త్రానికి సరిపడే ధ్వనిలిపి పట్టుకున్నారు. భాషాశాస్త్రం అంటూ ఆయనకి ఎవరూ కాలేజీలో నేర్పలేదు.

లెక్కలు చూడండి. మనం పది దాకా లెక్కపెట్టి పదకొండు, పన్నెండు అని ముందుకెళ్తాం. సవరల లెక్క పన్నెండు దాకా వెళ్తుంది. పదమూడంటే పన్నెండూ ఒకటీ. పంతొమ్మిదంటే పన్నెండూ ఏడూ. తర్వాత ఇరవై. ముప్ఫైమూడు అనాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి. ఇప్పుడు ఈ లెక్కతో పెరిగిన ఆరేళ్ళ పిల్లని తీసుకొచ్చి తెలుగు బళ్ళో కూర్చోబెట్టి, పలక మీద 13 రాసి చదవమంటాం. ఆ పిల్ల నోట మాట రాదు. మేష్టారు 'వీళ్ళకి లెక్కలు రావు' అని రిజిస్టరు మూసేస్తాడు. ఏజెన్సీ బళ్ళలో పనిచేసినవాళ్ళు ఈ మాట ఎన్నిసార్లు విన్నారో చేతులెత్తండి అంటే చాలా చేతులే లేస్తాయి. పిల్లకి లెక్కలు వచ్చు. మనకన్నా కష్టమైన లెక్కలే వచ్చు. మేష్టారికి పిల్ల భాష రాదు. రామమూర్తి పంతులుగారు పట్టుకున్నది సరిగ్గా ఈ కీలకమే.

అందుకే ఆయన నిఘంటువు రాసి ఊరుకోలేదు, బడులు పెట్టారు. సొంత డబ్బుతో. సవర పిల్లల్ని ఇంట్లో ఉంచుకుని అన్నం పెట్టి చదివించారు. మద్రాసు ప్రభుత్వం ఈ శ్రమకి మెచ్చి డబ్బివ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో ఒక మంచి బడి పెట్టండి, సవర బడుల్లో సవరలోనే చదువు చెప్పండి అని అడిగారు. ఏమడగాలో కూడా ఆయనకి మేష్టారి బుద్ధే చెప్పింది.

కొండలు ఆయనకి ఊరికే ఏమీ ఇవ్వలేదు. మన్యపు జ్వరం పట్టుకుంది. ఆ రోజుల్లో మలేరియాకి మందు క్వినైను. అతిగా వాడితే చెవులకి దెబ్బ. అలాగే వినికిడి పోయింది. గొంతు మూసుకునే ఒక్క ధ్వని కోసం ఏళ్ళ తరబడి చెవి ఒగ్గి కూర్చున్న మనిషికి చెవుడొచ్చింది. తర్వాత సభల్లో ఆయన అంత గట్టిగా, అంత ఎడతెగకుండా మాట్లాడేవారంటే కొంత ఇందుకేనేమో. ఎదుటివాళ్ళ కేకలు ఆయనకి వినపడకపోవడం మన అదృష్టం అని ఒకసారి ఒక మిత్రుడు చమత్కరించాడు.

ఇప్పుడు తెలుగుకి వస్తాను. కథ మళ్ళీ తరగతిగదిలోనే మొదలవుతుంది. 1906, 1907 ప్రాంతంలో జె.ఏ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర బడుల పర్యవేక్షణకి ఉత్తర కోస్తాకి వచ్చాడు. భాషని ఆ భాషలోనే నేర్పాలనే పద్ధతి మీద మోజున్నవాడు. తెలుగు కూడా నేర్చుకుంటున్నాడు. బడికెళ్ళి కూర్చుంటే ఆయనకో చిక్కు వచ్చింది. పంతులు వివరించే తెలుగు ఒకటి, పుస్తకంలో ఉన్న తెలుగు ఒకటి, పిల్లలు ఆడుకునేటప్పుడు అరుచుకునే తెలుగు ఇంకొకటి. ఇందులో నేను నేర్చుకోవాల్సింది ఏది అని అడిగాడు. తెలుగువాళ్ళం తరతరాలుగా అడగని ప్రశ్న. మనకి అలవాటైపోయింది గనక కనబడలేదు. ఆ ప్రశ్న విశాఖలో ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాసయ్యంగారి దగ్గరికి, గురజాడ దగ్గరికి, పర్లాకిమిడి మేష్టారి దగ్గరికి చేరింది. అయ్యంగారు తమిళుడు. 1909లో 'డెత్ ఆర్ లైఫ్' అని దేశభాషల మీద ఒక చిన్న పుస్తకం రాశారు. తెలుగు బడి గురించి ఒక ఇంగ్లీషువాడూ ఒక తమిళుడూ ముందు కంగారుపడ్డారన్నమాట.

రామమూర్తిగారికి ఆ ప్రశ్న కొత్త కాదు. సవర పిల్లల దగ్గర అప్పటికే చూశారు. ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి అయినప్పుడు పిల్లవాడు ఏం చేస్తాడు? కంఠస్థం చేస్తాడు. 'వాన పడుతోంది' అని వచ్చినవాడి చేత 'వర్షము కురియుచున్నది' అని పలికిస్తారు. పలుకుతాడు. అర్థం అడిగితే తలవంచుకుంటాడు. సవర పిల్లకీ బ్రాహ్మణ కుర్రాడికీ ఇక్కడ తేడా ఎంతో లేదు. ఆ పిల్లకి తెలుగు పరాయిది, ఈ కుర్రాడికి గ్రాంథికం పరాయిది. కొండ మీద నేర్చుకున్న పాఠాన్ని ఆయన పల్లానికి తెచ్చారు. ఆయన భాషావాదానికి మూలం గురజాడ స్నేహంలో ఉందని కొందరూ, యేట్స్ దొర ప్రోత్సాహంలో ఉందని కొందరూ రాస్తారు. ఉండొచ్చు. నేను మాత్రం సవర బడిలో ఉందంటాను.

1911లో ఉద్యోగ విరమణ చేశారు. అప్పటికి బడి కాలేజీ అయింది, ఆయనా లెక్చరరయ్యారు. వయసు నలభైయెనిమిది. మరో ఇరవైతొమ్మిదేళ్ళు బతికారు. ముప్ఫైయొక్క ఏళ్ళ ఉద్యోగం, ఇరవైతొమ్మిదేళ్ళ విరమణ. మనం ఆయన పేరు పెట్టి చెప్పుకునే పనుల్లో సింహభాగం ఈ రెండో భాగంలోవి. మన మేష్టర్లలో చాలామంది రిటైరయ్యాక ఇల్లు కట్టుకుంటారు, తీర్థయాత్రలకి వెళ్తారు, పెన్షనర్ల సంఘంలో చేరతారు. ఎవర్నీ తప్పుపట్టను, నేనూ ఆ సంఘంలో సభ్యుణ్ణే. ఈయన మాత్రం మద్రాసు రాష్ట్రంలో ఉన్న పండితులందరితో ఒకేసారి తగువు పెట్టుకున్నారు.

ఆ తగువు వివరాలు క్లుప్తంగా చెబుతాను. స్కూలు ఫైనలు పరీక్షలో పిల్లలు వాడుకభాషలో కూడా వ్యాసం రాయొచ్చని ప్రభుత్వం మొదట ఒప్పుకుంది. పండితులు మండిపడ్డారు. జయంతి రామయ్య పంతులుగారి పూనికతో 1911లోనే ఆంధ్రసాహిత్య పరిషత్తు పుట్టింది. ఊరూరా సభలు, అర్జీలు, పత్రికల్లో తిట్లు. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో ఇటువైపు వాళ్ళు తక్కువ. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం రాసిచ్చారు, మరుసటేడు నవంబరులో పోయారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఓడిపోయారన్నమాట. జయంతి రామయ్యగారి మీద ఇవాళ రాళ్ళు వెయ్యడం తేలిక. ఆయన శాసనాలు చదివిన పండితుడు, తెలుగు నిఘంటువుకి తోడ్పడ్డవాడు. ఆయనకి పిల్లవాడి కష్టం కనబడలేదు.

ఓడిన తర్వాత రామమూర్తిగారు ఏం చేశారన్నది నాకు ఆసక్తి. కవిత్వం రాయలేదు, శాపాలు పెట్టలేదు. మేష్టారు మార్చిలో జవాబు పత్రాల కట్ట ముందేసుకున్నట్టు పండితుల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. చిన్నయసూరి బాలవ్యాకరణం ఒకచేత్తో పట్టుకుని, ఆ వ్యాకరణమే శిరోధార్యమనే పండితులు ఆ వ్యాకరణం ప్రకారం ఎన్ని తప్పులు రాశారో పేజీ పేజీకి ఏరిపెట్టారు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' అలా పుట్టింది. తిక్కన దగ్గర్నుంచి ప్రబంధకవుల దాకా పెద్దవాళ్ళ ప్రయోగాలు తెచ్చి, సూరిగారి సూత్రానికి ఇవి లొంగుతాయా అని అడిగారు. 'బాలకవి శరణ్యం' అదీ. ఎదుటివాడి నమ్మకాన్ని కాదనలేదు. నీ పుస్తకంతోనే నీకు మార్కులు వేస్తాను రమ్మన్నారు. చెప్పొద్దూ, చాలామందికి పాసు మార్కులు రాలేదు.

1919లో సొంతంగా 'తెలుగు' అని పత్రిక పెట్టారు. ఏడాదిపాటు నడిచింది. అదే ఏడు ఫిబ్రవరిలో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడితే కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులయ్యారు. జీవితంలో చాలావరకు గ్రాంథికంలో రాసిన మహానుభావుడు చివరికి ఇటు వచ్చారు, మే నెలలో వెళ్ళిపోయారు. ఆయనా మేష్టారే, మరిచిపోకండి. తణుకులో సాహిత్య పరిషత్తు సభలో, అంటే ఎదుటివాళ్ళ ఇంట్లోనే, రామమూర్తిగారు నాలుగు గంటలు మాట్లాడారు. పుస్తకాలు తీసి చూపిస్తూ, ప్రయోగం తర్వాత ప్రయోగం. నాలుగు గంటలంటే బళ్ళో పొద్దుట పూట మొత్తం. సభ లేచి వెళ్ళిపోలేదు, ఒప్పుకుంది.

ఆయన శిష్యుల్లో తాపీ ధర్మారావుగారి పేరు చెప్పకపోతే ఈ ఉపన్యాసానికి అర్థం లేదు. పర్లాకిమిడిలో పంతులుగారి దగ్గర చదువుకున్నవాడు. మొదట్లో తానూ గ్రాంథికమే రాశాడు. గురువు మాట తలకెక్కడానికి కొన్నేళ్ళు పట్టింది, మంచి శిష్యులకి అలాగే పడుతుంది. తర్వాత 'జనవాణి' సంపాదకుడై వాడుకభాషని వార్తాపత్రికలోకి తీసుకెళ్ళాడు. పండితసభల్లో గెలిచిన దానికన్నా ఇది పెద్ద గెలుపు. పద్యం చదివేవాడు వందలో ఒకడు, పేపరు చదివేవాడు ఊరంతా.

ఇంత చెప్పాక ఒక ఫిర్యాదు కూడా చెప్పాలి. స్మారకోపన్యాసంలో ఫిర్యాదేమిటని అనుకోకండి, పంతులుగారు వింటే సంతోషించే రకం. ఆయన అడిగింది శిష్టవ్యావహారికం. చదువుకున్నవాళ్ళు మాట్లాడే భాష. ఆనాటికి అదే పెద్ద అడుగు, ఒప్పుకుంటాను. కానీ ఆ 'శిష్ట' అన్న మాట తలుపు సగమే తీసింది. కోస్తా జిల్లాల్లో కొన్ని కులాలవాళ్ళ ఇళ్ళలో మాట్లాడేది పుస్తకాలకెక్కింది, తక్కినవి గుమ్మం బయటే ఆగాయి. తెలంగాణ మాట యాస అయింది, సీమ మాట యాస అయింది, ఇంతెందుకు, ఆయన పుట్టిన ఈ కళింగాంధ్ర మాటే యాస అయింది. తెలంగాణలో కవి కాళోజీ పుట్టినరోజుని భాషాదినంగా జరుపుకుంటున్నారు, సెప్టెంబరు 9. మన ఆగస్టు 29కి పదకొండు రోజుల తర్వాత. రెండు భాషాదినాలెందుకని విసుక్కునేవాళ్ళున్నారు. మొదటి దాంట్లో చోటు దొరకనందువల్లే రెండోది వచ్చింది.

పదో తరగతి పేపర్లు దిద్దే చోట నేను చూసింది చెబుతాను. పక్కనే కూర్చున్నాయన ఒక పేపరు నాకు చూపించి నవ్వాడు. ప్రశ్న, నీ ఊళ్ళో జరిగిన పండగ గురించి రాయమని. పిల్ల రాసింది: 'మా అమ్మమ్మోలూరు ఎల్నాం. తాత మాకు జీళ్ళు కొన్నాడు. రాత్రి బయలాట సూసినాం.' ఇంకా పేజీన్నర ఉంది, ఎక్కడా తడబాటు లేదు. కథ చెప్పినట్టు రాసింది. కింద ఎర్రసిరాతో 'ఎల్నాం', 'సూసినాం' చుట్టూ సున్నాలు. ఐదుకి ఒకటిన్నర. పక్క పేపరు గైడులోంచి దింపిన వ్యాసం, 'పండుగలు మన సంస్కృతికి ప్రతీకలు' అని మొదలై అలాగే ముగిసింది. దానికి నాలుగు. గ్రాంథికం పోయింది నిజమే. దాని కుర్చీ ఖాళీగా లేదు, గైడు భాష వచ్చి కూర్చుంది. 'కురియుచున్నది' అని రాయనివాణ్ణి పరీక్షలో తప్పించిన బుద్ధి మాత్రం అక్కడే ఉంది. ఆ పేపరు చీఫ్ ఎగ్జామినర్ దాకా వెళ్ళింది, మార్కులు కొన్ని కలిశాయి, ఎన్నో ఇప్పుడు గుర్తులేదు.

మళ్ళీ పంతులుగారి దగ్గరికి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి రాజావారు అటు కలవాలనుకున్నారు. ఆ సంస్థానపు బడిలోనే బతుకంతా పాఠం చెప్పిన మేష్టారు తెలుగువాళ్ళ పక్షాన నిలబడి వద్దన్నారు. ఊరు అటే వెళ్ళింది. రాష్ట్రం ప్రారంభమైన రోజు పొద్దున్నే ఆయన ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. డెబ్భైమూడో ఏడు నడుస్తోంది. ఆ ఊళ్ళో యాభై ఆరేళ్ళ కిందట పదిహేడేళ్ళ కుర్రాడిగా ఉద్యోగంలో చేరాడాయన. పాతపట్నం వాళ్ళకి ఇది బాగా తెలుసు. మహేంద్రతనయ ఒడ్డున నిలబడి చూస్తే పర్లాకిమిడి ఇక్కడే ఉంటుంది, బస్సు దిగి నడిచి వెళ్ళొచ్చు. అయినా వేరే రాష్ట్రం. ఆయన సరిహద్దు గురించి అంత పట్టుదల పట్టడం సరైనదా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఆయన సవరలు ఆ గీతకి రెండువైపులా ఉన్నారు, ఏ వైపూ వాళ్ళని అడగలేదు.

రాజమండ్రిలో కొడుకు సీతాపతిగారి ఇల్లు. ఆ వయసులో కొడుకింటికి వెళ్ళిన తాతగారు ఏం చెయ్యాలి? మనవల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కథలు చెప్పాలి. ఈ తాతగారు నిఘంటువు పూర్తిచేశారు. 1931లో సవర భాషా వ్యాకరణం అచ్చయింది, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. అప్పటికి డెబ్భైయైదేళ్ళు. అదే ఏడు ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. ఏ విశ్వవిద్యాలయం? తన పాఠ్యపుస్తకాల్లో అప్పటికి ఇంకా వాడుకభాషని పూర్తిగా ఒప్పుకోనిది. బిరుదిచ్చి భాష ఇవ్వకపోవడం మనకి కొత్త కాదు.

సీతాపతిగారి గురించి ఒక మాట. తండ్రి పెద్ద మర్రిచెట్టయితే కొడుకులు పెరగరని అంటారు, ఇక్కడ ఆ మాట కుదరలేదు. సవర పనిలో మొదటినుంచీ తండ్రికి చేదోడు ఆయనే, తండ్రి తర్వాత ఆ పని మోసిందీ ఆయనే. పిల్లల కోసం 'చిలకమ్మ పెళ్ళి' రాసిందీ ఆయనే. తండ్రి బడిలో పిల్లవాడికి అర్థమయ్యే తెలుగు కావాలని కొట్లాడితే, కొడుకు ఆ తెలుగులో పిల్లలకి పాటలు కట్టి ఇచ్చాడు. ఉద్యమాల చరిత్ర రాసేవాళ్ళు మొదటి పనిని కొలుస్తారు, రెండోదాన్ని పాదసూచికలో పెడతారు. నాకు రెండోది లేకపోతే మొదటిది పూర్తయినట్టు తోచదు.

1940 జనవరి 15న మద్రాసులో 'ప్రజామిత్ర' కార్యాలయంలో పంతులుగారు చివరిసారి మాట్లాడారు. ఎదురుగా ఉన్నది పత్రికలవాళ్ళు. జనానికి తెలిసే భాషలో చదువు చెప్పకపోతే, రాయకపోతే ఆ చదువు ఎవరికీ దక్కదని, విశ్వవిద్యాలయాలు వినకపోయినా పత్రికలైనా వినమని అడిగారు. వారం తర్వాత, 22న, కన్నుమూశారు. డెబ్భైయేడో ఏట కూడా బతిమాలడమే మిగిలింది. ఉమ్మడి రాష్ట్రంలో తెలుగు అకాడమీ 1968లో వచ్చింది, వాడుకభాషలో కాలేజీ పుస్తకాలు ఆ తర్వాతి మాట. సవర, గోండి, కోయ, కువి పిల్లలకి ఇంటిభాషలో వాచకాలు 2000 దాటాక గానీ పెద్ద ఎత్తున సర్కారు బడికి రాలేదు. పంతులుగారు అడిగింది 1911లో.

ఆ వాచకాల గతి మీలో కొందరికి నాకన్నా బాగా తెలుసు. కొన్నేళ్ళు నడిచాయి, మేష్టర్లు మారారు, సవర వచ్చిన వాలంటీర్లకి జీతాలు ఆగాయి, పుస్తకాలు బీరువాలోకి వెళ్ళాయి. సీతంపేట వైపు కొన్ని బళ్ళలో ఇప్పటికీ సొంత ఇష్టం మీద నడిపే మేష్టర్లున్నారు. వాళ్ళలో ఇద్దరు ఈ హాల్లోనే ఉన్నారు, పేర్లు చెబితే కోప్పడతారు.

ఈ స్మారకోపన్యాసానికి నిధి పెట్టినవారికి నా విన్నపం ఒకటుంది, చెప్పి సెలవు తీసుకుంటాను. దీని మీద ఏటా వచ్చే వడ్డీలో శాలువాలకీ, ఫ్లెక్సీకీ, నాలాంటివాళ్ళ రాకపోకలకీ పోను ఎంతో కొంత మిగులుతుంది. కోశాధికారిగారు ఎంతో చెప్పారు, పెద్ద మొత్తమేమీ కాదు. పదహారు పేజీల చిన్న పుస్తకం, నలుపు-తెలుపు బొమ్మలతో, నాలుగైదొందల కాపీలకి సరిపోతుంది. కొండ మీది బళ్ళ పిల్లలు తమ తాతల దగ్గర, అమ్మమ్మల దగ్గర విన్న కథ ఒకటి సవరలో, పక్క పేజీలో తెలుగులో. మొదటి పుస్తకంలో కథ బదులు సవర లెక్కలు వేసినా నాకిష్టమే, ఒకటి నుంచి నలభై దాకా. తెలుగు మేష్టర్లకే అది ఎక్కువ పనికొస్తుంది. వచ్చే ఆగస్టుకి ఉపన్యాసం లేకపోయినా ఫరవాలేదు. ఆ పుస్తకం పంచి, టీ ఇచ్చి పంపించెయ్యండి.